ఎవరివో వెంట్రుకలు

“మూడు తలలైనయి. అసలు తల ఏది?” అని అడిగాడు మంగలి సాయిలు, కత్తికి కొత్త బ్లేడు ఎక్కిస్తూ.

బోరు నీళ్లు తొట్టిలో పడుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

బీరయ్య పోయి ఆ రోజుకు పదో దినం. ఎల్లారెడ్డి దాటి కిలోమీటరు దూరంలో ఉన్న ఆయన పొలం దగ్గరికి పొద్దున్నే అందరూ వచ్చారు. తమ్ముడు మైసన్నకూ, ఇద్దరు పాలివాళ్లకూ గుండ్లు అయ్యాయి. కొరివి పెట్టిన కొడుకు శైలేందర్ మాత్రం మోటరు కొట్టంలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. పోయి అరగంట దాటింది.

“నాకైతే గొరిగేదేమున్నది, తడిబట్టతోటి తుడిచిండు, అయిపోయింది,” అన్నాడు మైసన్న, ఏనాటి నుంచో నున్నగా ఉన్న తన నెత్తి నిమురుకుంటూ. నవ్వించాలనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

బీరయ్య అక్క దేవవ్వ గట్టు మీద నుంచి లేచింది. “వాడు బుక్కెడు బువ్వ తినకున్నా మా తమ్ముడు తల్లడిల్లెటోడు. గసొంటి బాపుకు నాలుగు ఎంటికలు ఇయ్యనీకి వీనికి పానం ఒప్పుతలేదా? కండలు పెంచంగనే సరిపోయిందా?”

హన్మవ్వ గొంగడి మీద కూర్చుని ఉంది. మొగుడు పోయిన నాటి నుంచి ఆమె పది మాటలు కూడా మాట్లాడలేదు.

మూడు రాళ్ల పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. కోడలు భూలక్ష్మి గరిటె తిప్పుతూ తల ఎత్తలేదు. గాంధారి నుంచి వచ్చిన ఆమె అన్న మహిపాల్ పక్కన కట్టెలు చీలుస్తున్నాడు.

“నువ్వన్న పో,” అంది దేవవ్వ ఆమె వైపు తిరిగి. “పిల్లల్ని కనే పని నీతోని కాకపాయె. మొగుణ్ణి తోల్కచ్చే పనన్న అయితదేమో చూడు.”

మహిపాల్ చేతిలోని గొడ్డలి ఆగింది. భూలక్ష్మి అన్న వైపు చూసి, వద్దన్నట్లు తల ఊపి, చెయ్యి కడుక్కుని లేచింది.

*

కొట్టంలో స్టార్టరు డబ్బా కింద ఎరువు బస్తా మీద శైలేందర్ కూర్చున్నాడు. నెత్తి మీద టోపీ ఉంది. ఈ పది రోజులూ ఆ టోపీ తీయలేదు. స్నానం చేసినప్పుడు కూడా మెడ కిందికే నీళ్లు పోసుకున్నాడు.

“నాలుగో వారం పడ్డది లచ్మీ,” అన్నాడు ఆమెను చూడగానే. “అంచులన్నీ లేస్తున్నయి. కామారెడ్డికి పొయ్యి మళ్ల అతికిచ్చుకునే టైముకే బాపుకు గిట్లయె.”

టోపీ కింద ఉన్నది అతని జుట్టు కాదు. నడినెత్తి మీద జిగురుతో అతికించే ప్యాచ్. ఆ సంగతి తెలిసింది భూలక్ష్మి ఒక్కదానికే. ఏడాదిన్నరగా ఆమె దాన్ని తల్లికి కూడా చెప్పలేదు.

“కత్తి పెడితే మొత్తం ఊడొస్తది,” అన్నాడు.

“వస్తే రానీ.”

“గంత మందిలనా?”

“మీ కాకకు ఒక్క ఎంటిక లేదు. మందిలనే తిరుగుతుండు గదా.”

“ఆయనది వేరే. నేను జిమ్ముల పొద్దు లేస్తే నలభై మందికి ఒళ్లెట్ల పెంచాల్నో చెప్పెటోణ్ణి. గీ ముచ్చట కామారెడ్డి దాక పోతది.”

ఆమె తలుపు చెక్కకు ఆనుకుని నిలబడింది. బయట దేవవ్వ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.

“నువ్వే ఏదన్న చెప్పు,” అన్నాడు శైలేందర్. “తలకు దెబ్బ తాకింది, కుట్లు పడ్డయి, డాక్టరు కత్తి పెట్టొద్దన్నడని చెప్పు.”

“నేను చెప్పాల్నా?”

“నువ్వు చెప్తె నమ్ముతరు.”

అది నిజమే. ఈ నాలుగేళ్ల కాపురంలో ఆ ఇంటివాళ్లకు ఆమెలో ఒకే ఒక్క తప్పు దొరికింది. మిగతా అన్నిటిలో ఆమె మాటను నమ్ముతారు.

“ఇంకేం చెప్పేది లేదా?” అని అడిగింది ఆమె.

“ఇంకేముంటది?”

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. రవికెలో పాలిథిన్ కవరులో చుట్టి పెట్టుకున్న కాగితం చెమటకు ఒంటికి అంటుకుంటోంది.

కామారెడ్డి గదిలో అతను తాగే ప్రొటీన్ పొడి డబ్బాలు ఖాళీ అయితే ఆమె పారేసేది కాదు. కడిగి ఎల్లారెడ్డి తెచ్చి పప్పులు పోసి పెట్టేది. మామకు పానం బాగలేదని ఫోను వచ్చిన రోజు కూడా రెండు డబ్బాలు కడగకుండానే సంచిలో వేసుకుని వచ్చింది. ఆయన పోయిన మర్నాడు చుట్టాలకు వండడానికి కందిపప్పు పోయబోతే ఒక డబ్బా అడుగున ఈ కాగితం దొరికింది. ఆమె ఇంటరు దాకా చదువుకుంది. పై గీతలో మొగుడి పేరు, మధ్యలో సున్నా, కింద డాక్టరు చేతిరాత. మూడుసార్లు చదివింది. నాలుగోసారి చదవాల్సిన పని పడలేదు.

తొమ్మిది రోజులుగా ఆమె ఎదురుచూస్తోంది, అతనే చెబుతాడని.

“సరే,” అని తలుపు తీసుకుని బయటికి వెళ్లింది.

*

శైలేందర్ అక్కడే కూర్చుండిపోయాడు. మోటరు మూలుగుతోంది. ఆ మూలుగులో అతనికి కామారెడ్డి డాక్టరమ్మ గొంతు వినిపించింది.

నెల కింద జుట్టు నాటించుకుందామని ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె అతని గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వెలుతురుకు తిప్పింది. చెంపల దాకా దట్టమైన గడ్డం. ప్యాచ్ తీసిన నడినెత్తి మీద మాత్రం మాడు కనిపిస్తోంది.

“ఏం సూదులు వేసుకుంటున్నారు?” అని అడిగింది.

“విటమిన్లు మేడం.”

ఆమె కలం కింద పెట్టింది. అతని కళ్లలోకి చూసింది. ఆ చూపుకు తట్టుకోలేక అతనే చెప్పాడు. మూడేళ్లుగా స్టెరాయిడ్. ముందు జిల్లా పోటీల కోసం. తర్వాత ఆపితే ఒళ్లు తగ్గుతుందేమోనన్న భయంతో.

“ఆ సూదిలో ఉండేది మగ హార్మోనే,” అంది ఆమె. “బయటి నుంచి అంత వచ్చి పడితే, ఒంట్లో కొంత ఇంకో రకంగా మారుతుంది. అది గడ్డాన్ని పెంచుతుంది, నెత్తి మీద కుదుళ్లను సన్నబరుస్తుంది. అందరికీ కాదు, వంశంలో బట్టతల గుణం ఉన్నవాళ్లకు. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?”

“మా కాకకు. తాతకు.”

“వాళ్లకు నలభై దాటాక వచ్చి ఉంటుంది. మీరు ముప్పైకే తెచ్చుకున్నారు.” అంతటితో ఆపి, “పిల్లలున్నారా?” అని అడిగింది.

ఆ ప్రశ్న జుట్టు గురించి వచ్చిన మనిషిని ఎందుకు అడుగుతోందో అతనికి అప్పుడు అర్థం కాలేదు. పరీక్ష చేయించి, కాగితం చేతికి ఇచ్చినప్పుడు అర్థమయింది. బయటి హార్మోన్ ఎక్కువైతే ఒంట్లో దాన్ని తయారుచేసే చోటు తన పని ఆపేస్తుంది. దాంతో పాటే వీర్యకణాల పుట్టుక కూడా ఆగిపోతుంది. పైకి పొట్టేలులా కనిపించే మనిషి లోపల ఖాళీ అయిపోతాడు.

“ఆపితే తిరిగి వస్తదా మేడం?”

“ఏది? జుట్టా, రెండోదా?”

అతను అడిగింది జుట్టు గురించి. ఆమె అలా అడిగాకే సిగ్గుపడ్డాడు.

“రెండోది చాలామందికి నెలల్లోనో ఏడాదిలోనో తిరిగి వస్తుంది. రాని వాళ్లూ ఉన్నారు. ఊడిన జుట్టు గురించి మాత్రం నేను ఆశ పెట్టను. సూదులు మానేయండి. ఈసారి మీ భార్యను కూడా వెంట తీసుకురండి.”

తీసుకుపోలేదు. ఆ తర్వాత ఇంకో సూది కూడా వేసుకున్నాడు, ఇదే ఆఖరిదని.

*

“కుట్లా?” అన్నాడు సాయిలు, భూలక్ష్మి చెప్పిన మాట విని. “ఎక్కడ బిడ్డా?”

“నడినెత్తిల.”

సాయిలు ఆమె ముఖంలోకి చూశాడు. నలభై ఏళ్లుగా తలలు చూస్తున్న మనిషి.

మైసన్న విసుక్కున్నాడు. పాలివాళ్లు గుసగుసలాడారు. చివరికి గడ్డం మీసం తీస్తే చాలని ఒప్పుకున్నారు. శైలేందర్ టోపీతోనే వచ్చి బండ మీద కూర్చున్నాడు.

“గడ్డం అడివి తీరుగున్నది బిడ్డా,” అన్నాడు సాయిలు చెంప మీద కత్తి దించుతూ, అతనికి మాత్రమే వినపడేలా. “నీ పుట్టెంటికలు తీసింది గీ చేతులే. అప్పుడు నీ తల గిట్ల నా నుంచి దాస్తివా?”

శైలేందర్ కళ్లు మూసుకున్నాడు.

తర్వాత మోదుగాకు ఇస్తరిలో అన్నం, మాంసం, బీరయ్యకు ఇష్టమైన ఉడకబెట్టిన శనగ గుడాలు పెట్టి, పక్కన దొప్పలో కల్లు పోసి గట్టు మీద ఉంచారు. అందరూ దూరం జరిగి నిలబడ్డారు. పిట్ట వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

కరెంటు తీగ మీద ఐదు కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు.

“అన్నా, రాయే,” అని పిలిచాడు మైసన్న. “గొర్రెలను నేను చూస్కుంట. మంద అమ్మనియ్య. రా.”

కాకి ఒకటి రెక్క సర్దుకుంది. అంతే.

“వదినెను మంచిగ చూస్కుంటం. రా అన్నా.”

ఎండ ఎక్కుతోంది. ఇస్తరి మీద ఈగలు వాలాయి. ఒక్కొక్కరు ఒక్కో మాట ఇచ్చారు. బోరు పక్కన సమాధి కట్టిస్తామన్నారు. బీరప్ప పండుగ ఈసారి ఘనంగా చేస్తామన్నారు. తీగ మీది కాకులు అన్నీ విన్నట్టే కూర్చున్నాయి.

శైలేందర్‌కు తండ్రి మాట ఒకటి గుర్తుకొచ్చింది. రెండు నెలల కింద బీరయ్య కామారెడ్డి గదికి వచ్చి, సంచిలో ఉన్న చిన్న సీసా పైకి తీసి చూశాడు. చదువు రాదు గాని సీసా మీద బొమ్మ కనపడుతుంది కదా.

“గుర్రానికిచ్చేది నీకెందుకు బిడ్డా?”

“బలానికి బాపూ.”

బీరయ్య సీసాను మళ్లీ సంచిలో పెట్టాడు. ఏళ్ల తరబడి మందలో బతికిన మనిషి. “విత్తులు కొట్టిన పొట్టేలుకు గూడ ఒళ్లు మంచిగనే వస్తది,” అన్నాడు. ఎల్లారెడ్డి బస్సు ఎక్కి వెళ్లిపోయాడు.

“నాకెరుక నా తమ్ముని మనసుల ఏమున్నదో,” అని దేవవ్వ ముందుకు వచ్చింది. కొంగు నడుముకు దోపి, తీగ వైపు చేతులు జోడించింది. “ఒరేయ్ బీరిగా, నీకు మనుమడు లేడని గదా నీ బాధ. గట్లనే కానీ. నీ కొడుక్కు మళ్ల లగ్గం చేస్త. బీర్కూర్‌ల మనోళ్ల పిల్ల ఉన్నది. మూన్నెల్లల్ల చేస్త. నా మాట. రా నాయినా, తిను.”

ఒక కాకి తీగ మీది నుంచి దిగింది.

గట్టు మీద వాలింది. మెడ పక్కకు వంచింది. రెండు గంతులు వేసి ఇస్తరి దగ్గరికి వచ్చింది.

“సూసిండ్రా,” అంది దేవవ్వ గొంతు తగ్గించి.

భూలక్ష్మి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆమె కాకిని చూడలేదు. మొగుణ్ణి చూసింది.

కాకి అక్కడే కాసేపు నిలబడి, దేన్నీ ముట్టకుండా లేచి మళ్లీ తీగ మీద కూర్చుంది.

పిట్ట దిగింది మాటకా, మాంసం వాసనకా? దిగిన పిట్ట తిరిగి పోయింది మరి దేనికి? ఈ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు. మనమూ అడగం. మన ఇళ్లలో మనకు కావలసిన మాట దగ్గరే పిట్ట దిగిందని అనుకుంటాం.

“మా చెల్లె ఈడనే నిలబడి ఉన్నది,” అన్నాడు మహిపాల్. అతని గొంతు పెద్దది కాదు. “మా చెల్లె ముంగటనే గిట్లంటె ఎట్ల?”

“ఎనుక అంటె బాగుండెనా?” అంది దేవవ్వ. “నాలుగేండ్లు సూడకపోతిమా? దవాఖాన్లకు తిప్పకపోతిమా? ఎన్ని గోలీలు మింగలే నీ చెల్లె? పొలం మంచిది కానప్పుడు రైతేం జేస్తడు?”

“బావా,” అని మహిపాల్ శైలేందర్ వైపు తిరిగాడు. “నువ్వొక్క మాటను. ఏదన్న ఒక్క మాట.”

అందరూ అతని వైపు చూశారు. శైలేందర్ టోపీ కొనను ఇంకొంచెం కిందికి లాగాడు.

“గిప్పుడెందుకు గవన్నీ,” అన్నాడు.

*

పొయ్యిలో కట్టె చిటపటమంది.

భూలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుని సాయిలు దగ్గరికి నడిచింది.

“తాతా, కత్తి మూయకు,” అంది. “కుట్లు లేవు. నేను అబద్ధం చెప్పిన. మామ దినం నాడు అబద్ధం చెప్పిన. గందుకే పిట్ట ముట్టలేదేమో.”

“ఏందే?” అన్నాడు శైలేందర్.

“నా అబద్ధం నేను ఎనకకు తీసుకుంటున్న. నీది నువ్వు చూస్కో.”

దేవవ్వ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. మైసన్న అన్నకొడుకు వైపు అడుగు వేశాడు. కాని శైలేందర్ అప్పటికే కదిలాడు. బండ మీద కూర్చుని టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నుదుటి దగ్గర లేచిన అంచును వేళ్లతో పట్టుకుని లాగాడు. ఎండిన జిగురు పర్రుమంది. కళ్లలో నీళ్లు వచ్చేంత నొప్పి.

నల్లని జుట్టు మొత్తం ఒక్క ముక్కగా అతని చేతిలోకి వచ్చింది.

కింద ఎర్రగా కందిన మాడు ఉంది. అక్కడక్కడ నూగులాంటి వెంట్రుకలు. చెవుల పైన, వెనక మాత్రం ఒత్తుగా ఉంది. ముప్పై ఏళ్ల వాడికి అరవై ఏళ్ల తల పెట్టినట్టుంది.

హన్మవ్వ గొంగడి మీది నుంచి లేచింది. “గిదేంది బిడ్డా?”

“ఊడిపోయినయి అవ్వా.”

“ఎట్ల?”

శైలేందర్ చేతిలోని ముక్కను చూస్తూ అన్నాడు. “సూదులు వేసుకున్న. ఒళ్లు పెరగనీకి. అవి పడక ఊడినయి.”

మొదట నవ్వింది మైసన్న. బిగుసుకున్నదేదో తెగిపోయినట్టు పెద్దగా నవ్వాడు. “ఓరి నీ అవ్వ, గిందుకా? బట్టతలకు గింత సిగ్గా? నన్ను చూడు, మీ తాతను చూడకపోతివి. గిది మన వంశం సొత్తురా.”

పాలివాళ్లు నవ్వారు. దేవవ్వ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “గీ మాట ముందుగాల చెప్తె ఏమాయె. మొగోనికి నెత్తి మీద ఉంటేంది, లేకుంటేంది. బీర్కూరోళ్లు గది చూడరు తియ్.”

శైలేందర్ కూడా నవ్వబోయాడు. ఏడాదిన్నరగా దాచినది ఇంత తేలికగా పోతుందని అతను అనుకోలేదు. చెప్పేశానన్న తృప్తి అతని ముఖంలో కనిపించింది. చెప్పింది సగమేనని అక్కడ తెలిసింది ఇద్దరికే.

“గివి ఎందుల వెయ్యాలె?” అని అడిగాడు సాయిలు, ఆ ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని. గుండ్ల వెంట్రుకలన్నీ పోగు చేసిన చిన్న సంచి అతని పక్కన ఉంది.

హన్మవ్వ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఒత్తైన, మెత్తని జుట్టు. ఆమె వేళ్లతో దువ్వి చూసింది.

“ఎవ్వలివి బిడ్డా గివి?”

“తెల్వదవ్వా. అసలైన ఎంటికలే అన్నరు షాపుల.”

“ఎవ్వలో ఆడామె యేదో కష్టానికి దేవునికి మొక్కి ఇచ్చి ఉంటది. పొడుగు ఎంటికలు కోసి చేసినట్టుంది.” ఆమె ఆ జుట్టును సంచిలో వెయ్యనివ్వలేదు. “ఒకామె మొక్కు మీ బాపుకు ఎట్లిస్తం? నీకున్నయే ఇయ్యి. ఎన్నుంటే గన్ని.”

సాయిలు నీళ్లు తడిపి కత్తి పెట్టాడు. చెవుల పైనుంచి, వెనక నుంచి కొన్ని వెంట్రుకలు రాలాయి. అంతా కలిపి ఒక దోసిలి కూడా కాలేదు. అయినా అవి అతనివి.

స్నానం చేయించి, తడిబట్టలతో గట్టు దగ్గర నిలబెట్టారు.

ఈసారి ఎవరూ పిలవలేదు. ఒక కాకి దానంతట అదే దిగి, మాంసం ముక్క ముక్కున కరుచుకుని పోయింది. వెనకే ఇంకో రెండు దిగాయి.

“ముట్టింది,” అన్నాడు మైసన్న కళ్లు తుడుచుకుంటూ. “అన్నకు కొడుకు ఎంటికలే కావాలె. చూసిండ్రా?”

“ఎంటికలు ఒక్కటే కాదు,” అంది దేవవ్వ. “నేనిచ్చిన మాట గూడ ముట్టింది. మాటిచ్చినంక ముట్టింది గనుక మాట నిలబడ్డట్టే. మరదలా, రేపే బీర్కూర్‌కు ఫోను చేస్త. మహిపాలు, నువ్వు యాష్టపడకు, కోపం తెచ్చుకోకు బిడ్డా. పిట్ట ఒప్పుకున్నంక మనం కాదనొద్దు. నీ చెల్లెను తోల్కపో. సారె సామాను మేమే పంపుతం.”

మహిపాల్ గొడ్డలి కింద పెట్టాడు. “బట్టలు సర్దుకో చెల్లె,” అన్నాడు.

భూలక్ష్మి కదలలేదు. గుండు మీది నుంచి నీళ్లు కారుతున్న మొగుడి ముందుకు వచ్చి నిలబడింది.

“ఇంకేమన్న చెప్పేదున్నదా?” అని అడిగింది. పొద్దున కొట్టంలో అడిగిన మాటే. అదే గొంతు.

శైలేందర్ ఆమెను చూసి, తల్లిని చూసి, తల దించుకున్నాడు.

ఆమె రవికెలో నుంచి పాలిథిన్ కవరు తీసింది. కాగితాన్ని మడత విప్పకుండానే అతని ముందు బండ మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన ఒక రాయి పెట్టింది. తర్వాత పోయి అన్న పక్కన నిలబడింది.

ఆ మడతను శైలేందర్ గుర్తుపట్టాడు. దాన్ని దాచిన డబ్బా అతనికి ఇప్పుడు గుర్తుకొచ్చింది.

“ఏం కాయితమది?” అన్నాడు మైసన్న.

వంగి దాన్ని తీసుకుంది హన్మవ్వ. మడత విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు అక్షరం రాదు.

“ఇటు తే, నేను చదివిస్త,” అని దేవవ్వ చెయ్యి చాపింది.

హన్మవ్వ ఇవ్వలేదు. ఈసారి ఆమె గొంతు అందరికీ వినపడింది.

“పానం పొయ్యే ముందటి రోజు మీ బాపు నాతోని ఒక్కటే మాటన్నడు. కోడల్ని ఏమనకు, వాణ్ణి అడుగు అన్నడు. ఏమడగాల్నో చెప్పకపాయె. పది రోజులసంది గదే ఆలోచన చేస్తున్న. ఏమడగాలె, ఏమడగాలె అని.” ఆమె కాగితాన్ని కొడుకు తడి చేతుల్లో పెట్టింది. “గిదేనా?”

“అవ్వా...”

“నాకు చదువు రాదు. పరాయోళ్లతోని చదివియ్యను. నువ్వే చదువు. అందరు ఇనేటట్టు చదువు.”

శైలేందర్ కాగితాన్ని ముందుకు పట్టుకున్నాడు. గుండు మీది నుంచి జారిన నీటి చుక్క దాని మీద పడి సిరా అలుక్కుంది. పొయ్యి దగ్గర కట్టె పొగ, గట్టు మీద కాకుల గోల. గాంధారి నుంచి వచ్చిన మహిపాలూ, పాలివాళ్లూ, సంచి మూతి కడుతున్న సాయిలూ అందరూ అతన్నే చూస్తున్నారు.

అతను నోరు తడుపుకున్నాడు.

“పేరు, శైలేందర్,” అని చదివాడు. “తండ్రి పేరు, బీరయ్య. వయసు ముప్పై ఒకటి.”

అక్కడ ఆగాడు.

“గంత దాక నాకెరుకనే,” అంది హన్మవ్వ. “కన్నది నేనే. ముందటికి చదువు.”